ఏప్రిల్‌లో విన్యాసం, ఆగస్టులో సుంకం: గోదావరి జిల్లాల ఎంపీలకు బహిరంగ లేఖ

కాకినాడ, అమలాపురం, రాజమండ్రి, నర్సాపురం, ఏలూరు పార్లమెంటు సభ్యులకు నమస్కారాలు.

మాది సఖినేటిపల్లి మండలం. ఆరెకరాల చెరువులో వనామీ రొయ్యలు పెంచుతున్నాను. అంతకు ముందు 1986 నుంచి 2001 దాకా నేవీలో, ఇంజిన్ రూమ్‌లో చేశాను. మా వైపు నుంచి మీకు వచ్చే ఉత్తరాల్లో రోడ్లు, వంతెన, పింఛన్లు ఉంటాయి. ఇది దేశాల మధ్య సైనిక పొత్తుల గురించి. ‘చెరువులో ఆక్సిజన్ పడిపోతుంటే నీకు నాటో గొడవ ఎందుకు’ అని మా ఆవిడ అడిగింది. ఆవిడకి చెప్పిన సమాధానమే మీకూ రాస్తున్నానండి.

2025 ఏప్రిల్ రెండో వారంలో కాకినాడ తీరంలో ‘టైగర్ ట్రయంఫ్’ జరిగింది. అమెరికా దళాలు, మన దళాలు కలిసి చేసే విన్యాసం అది. 2019లో మొదలైంది. తుపానో సునామీయో వస్తే ఓడల్లోంచి ఒడ్డుకి మనుషుల్ని, మందుల్ని, బండ్లని ఎలా చేర్చాలో సాధన చేస్తారు. అదే ఏడాది ఆగస్టు 27న అదే అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళింది. అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నందుకు వేసిన జరిమానా. మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసే యాంటీ డంపింగ్ సుంకం, మన ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం రొయ్య మీద అప్పటికే ఉన్నాయి, అవి కూడా కలిపితే 58 శాతం దాటింది. ఆ తర్వాత రేట్లు ఎటు తిరిగినా ఆ నెలలో తగిలిన దెబ్బ తగిలిందే.

నాకు ఎలా తగిలిందో చెబుతాను. పట్టుబడికి మనుషుల్ని మాట్లాడుకున్నాను, ఐసు చెప్పాను, ముందు రోజు విసురు వల వేసి చూస్తే 40 కౌంట్, అంటే కిలోకి నలభై రొయ్యలు, వచ్చింది. తెల్లారుజామున లారీతో రావాల్సిన ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. ఏడింటికి ఎత్తి, ‘బాబాయ్, ఈ పూట రేటు లేదు’ అన్నాడు. రేటు తగ్గిందని అనలేదు, అసలు రేటే లేదన్నాడు. ముప్పై ఏళ్ళ కుర్రాడు, వాడి గొంతులోనూ టెన్షన్. వచ్చిన పట్టుబడి మనుషులకి టీలు పోయించి, సగం కూలి ఇచ్చి పంపేశాను. ఆ తర్వాత తొమ్మిది రోజులు రొయ్యని చెరువులోనే ఉంచాను. మేత ఖర్చు రోజూ ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటర్ వేసి, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిప్పాలి. నాలుగో రాత్రి రొయ్యలు పైకి తేలి గట్టు వెంట తిరగడం మొదలెట్టాయి. టార్చి వేస్తే వాటి కళ్ళు ఎర్రగా మెరుస్తాయండి, నీళ్ళ మీద నిప్పురవ్వలు చల్లినట్టు. అవి అలా పైకొచ్చాయంటే ఊపిరాడట్లేదన్నమాట. ఆ రాత్రి గట్టు మీద నిలబడి డీజిల్ పోస్తూ అనుకున్నాను, ఎవరి స్నేహానికి ఎవరు కడుతున్నారు బిల్లు అని.

పొత్తుల సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. సీట్ల సర్దుబాటులో ఎవరి బలం పెరిగితే ఎవరి గొంతు పెరుగుతుందో మీరు దగ్గర నుంచి చూసినవాళ్ళు. దేశాల మధ్య కూడా నాకు కనిపించినంతలో అంతే. ఒప్పందం కాగితాన్ని ఎవరూ చించరు. బలాలు మారేకొద్దీ ఆ కాగితం బరువు మారుతుంది, అంతే. ఆ మార్పు ముందు డెల్టాలో తెలుస్తుంది, ఢిల్లీలో తర్వాత తెలుస్తుంది. ఇవాళ కొత్తగా కాదు, 270 ఏళ్ళ నుంచీ ఇదే వరస.

1753లో నిజాం సలాబత్ జంగ్ తన గద్దె నిలబెట్టినందుకు ఫ్రెంచి బుస్సీ సైన్యానికి జీతాలు ఇవ్వాలి. ఖజానాలో డబ్బు లేదు. కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు రాసిచ్చాడు. ఆలోచించండి, మన రెండు జిల్లాలూ ఒకసారి పరాయి సిపాయిల జీతం కింద వెళ్ళిపోయాయి. పొత్తు పెట్టుకున్నది హైదరాబాదులో, పన్ను కట్టింది ఇక్కడి రైతు.

ఆ తర్వాత కథ ఇంకా బాగుంటుంది. 1757 జనవరిలో విజయనగరం రాజు బుస్సీ ఫిరంగుల సాయంతో బొబ్బిలిని కూల్చాడు. తర్వాతి ఏడాదికల్లా బుస్సీని ఫ్రెంచివాళ్ళే దక్షిణాదికి పిలిపించేశారు. ఇక్కడ ఫ్రెంచి బలం తగ్గింది. అది కనిపెట్టిన విజయనగరం కొత్త రాజు ఆనంద గజపతి విశాఖలో ఫ్రెంచివాళ్ళని పట్టుకుని ఇంగ్లీషువాళ్ళకి కబురు పెట్టాడు. బెంగాల్ నుంచి క్లైవు పంపిన కల్నల్ ఫోర్డు ఓడల్లో వచ్చాడు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఇద్దరూ కలిసి ఫ్రెంచివాళ్ళని ఓడించారు. గెలిచాక వెంటనే బందరు మీదికి పోవాలి కదా? పోలేదు. దండు ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గర రాజుకీ కల్నల్‌కీ తగువు వచ్చి వారాల తరబడి ఆగిపోయారు. ఇవాళ నాటో సమావేశాల వార్తలు చదివినప్పుడల్లా నాకు చందుర్తి గుర్తొస్తుంది.

చివరికి 1759 ఏప్రిల్‌లో ఫోర్డు ఒక రాత్రి బందరు కోటలోకి చొరబడి పట్టేసుకున్నాడు. ఆ సమయానికి సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్ళకి సాయంగా పెద్ద సైన్యంతో దగ్గరలోనే ఉన్నాడు. కోట పడిందని తెలిశాక యుద్ధం చెయ్యలేదు. మే నెలలో ఇంగ్లీషువాళ్ళతోనే ఒప్పందం రాసుకుని, బందరు చుట్టుపక్కల సీమ వాళ్ళకిచ్చి, ఫ్రెంచివాళ్ళని ఇక కాలు పెట్టనివ్వనని మాటిచ్చాడు. నెలన్నర కూడా పట్టలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు, ఇక్కడ ఏరు సగంలో ఉండగానే మల్లన్న మారిపోయాడు. 1766కి ఈ సర్కార్లన్నీ కంపెనీ చేతిలోకి పోయాయి. మళ్ళీ పన్ను కట్టింది ఎవరో రాయక్కర్లేదు.

ఇక పెద్ద దేశాల సంగతి. దీన్ని మా మురుగు కాలువ లెక్కన చెబితేనే నాకు చెప్పడం వచ్చు.

మా కాలువ మీద ఎనిమిది మంది చెరువులవాళ్ళం ఉన్నాం. వైట్ స్పాట్ వైరస్ వస్తే రొయ్య గట్టుకి చేరి చచ్చిపోతుంది, పెంకు ఒలిచి చూస్తే తెల్ల చుక్కలు కనిపిస్తాయి. ఆ నీళ్ళు కాలువలోకి వదిలితే కింద ఉన్న చెరువులన్నీ పోతాయి. అందుకని ఒక ఏడు గుళ్ళో కూర్చుని కట్టుబాటు రాసుకున్నాం. ఎవరి చెరువుకి జబ్బు వచ్చినా నీళ్ళు వదలకూడదు, బ్లీచింగ్ వేసి కట్టి ఉంచాలి, ఆ బ్లీచింగ్ ఖర్చు ఎనిమిది మందీ పంచుకోవాలి. ఒకరి చెరువుకి జబ్బు అంటే అందరి చెరువుకీ జబ్బు అన్నట్టే. నాటో ఒప్పందంలో అయిదో అధికరణం ఇదే, ఒకరి మీద దాడి అందరి మీద దాడి. 1949లో అమెరికా, కెనడా, యూరప్ దేశాలు కలిపి 12 రాసుకున్నాయి, ఇప్పుడు 32 అయ్యాయి.

మొదటి నాలుగేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత కాలువ ఎగువన ఉన్నాయన పక్క చేలన్నీ లీజుకి తీసుకుని అరవై ఎకరాలు చేశాడు. సొంతంగా రిజర్వాయర్ చెరువు తవ్వుకున్నాడు. ఇక ఆయనకి మాతో పనేముంది? అయినా కట్టుబాటు నుంచి తప్పుకుంటానని ఒక్కసారి కూడా అనలేదు. మీటింగులకి ఆలస్యంగా రావడం మొదలెట్టాడు. తర్వాత సూపర్‌వైజర్‌ని పంపాడు. ఆ తర్వాత డబ్బు మాట ఎత్తితే, ‘మీరంతా నా మీద ఆధారపడి బతుకుతున్నారు, ముందు మీ వాటా పెంచండి’ అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, అదే బాధ. శివారున ఉన్నవాళ్ళలో ఇద్దరు ఎప్పుడూ సరిగ్గా కట్టలేదు.

నాటోలో జరిగింది కూడా అదే కదా. దేశ ఆదాయంలో 2 శాతం రక్షణకి పెట్టాలని 2014లో గట్టిగా అనుకున్నారు. ఆ ఏడు ఆ మాట నిలబెట్టుకుంటున్న దేశాలు మూడే. అమెరికా గొణుగుతూ వచ్చి, ట్రంప్ హయాంలో పైకే అనేసింది. ఈలోగా 2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం వచ్చింది. దశాబ్దాలుగా ఏ పక్షమూ వద్దన్న ఫిన్లాండ్ 2023లో, రెండు శతాబ్దాల తటస్థం వదిలి స్వీడన్ 2024లో చేరాయి. 2025 జూన్‌లో హేగ్‌లో కూర్చుని 2035 నాటికి 5 శాతం పెడతామన్నారు. అందులో 3.5 సైన్యానికి, 1.5 రోడ్లు, వంతెనలు, సైబర్ లాంటి వాటికి. స్పెయిన్ అక్కడే మొహం చిట్లించింది. అంటే ఒకే కూటమిలో ఒకవైపు కొత్త భయం వల్ల మనుషులు పెరిగారు, ఇంకోవైపు పెద్దాయన మీద నమ్మకం తగ్గింది. రెండూ ఒకే ఏళ్ళలో.

మా కాలువకి వస్తే, ఒక రాత్రి ఎగువన ఎవరో నీళ్ళు వదిలేశారు. పొద్దున్నే తూము దగ్గర చచ్చిన పీతలు కనిపించాయి. ఎవరు వదిలారో అందరికీ తెలుసు, ఎవరూ పేరెత్తలేదు. ఆ వారంలోనే కింద ఉన్న ముగ్గురం వేరేగా మాట్లాడుకుని ఉమ్మడిగా ఒక చిన్న రిజర్వాయర్ వేసుకున్నాం, ఒక జనరేటర్ కొన్నాం. పెద్ద కట్టుబాటు అలాగే ఉంది, దాని కింద చిన్న కట్టుబాటు పుట్టింది. ఆసియాలో ఇప్పుడు జరుగుతున్నది ఇదే. ఒకప్పుడు జపాన్, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా ఎవరికి వారు అమెరికాతోనే కట్టుకునేవారు, సైకిలు చక్రంలో పుల్లలన్నీ మధ్యలో కలిసినట్టు. 2024 జూలైలో జపాన్, ఫిలిప్పీన్స్ తమలో తాము ఒప్పందం రాసుకున్నాయి, ఒకరి సైనికులు ఇంకొకరి గడ్డ మీదికి వచ్చి విన్యాసాలు చేసుకోవడానికి. పుల్లకీ పుల్లకీ మధ్య ముడి పడుతోంది. మధ్యలో బిరడా ఊడినా చక్రం కొంచెంసేపు తిరగాలని.

కథలో ఇంకో మలుపుంది. రెండేళ్ళకి ఆ అరవై ఎకరాలాయన చెరువుకే జబ్బు వచ్చింది. ఆ రోజు గుడి దగ్గరికి అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది ఆయనే. మేమంతా బ్లీచింగ్ పంచుకున్నాం. నాటో అయిదో అధికరణాన్ని ఇప్పటిదాకా ఒక్కసారే వాడారు, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత. వాడింది ఎవరి కోసం? అందరికన్నా బలమైన అమెరికా కోసం.

చనిపోయిన పొత్తులు కూడా చూడండి. 1954లో ఆగ్నేయాసియా కోసం సియాటో పెట్టారు, పాకిస్తాన్ కూడా అందులో సభ్యురాలు. 1971లో దానివల్ల పాకిస్తాన్‌కి ఒరిగింది ఏమీ లేదు. 1977లో ఆఫీసు మూసేశారు. కానీ దాని వెనకున్న మనీలా ఒప్పందాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు, కాగితం మీద ఇంకా బతికే ఉంది, థాయిలాండ్ విషయంలో అమెరికా ఇప్పటికీ దాన్నే చూపిస్తుంది. అటు రష్యా నడిపే సీఎస్‌టీఓ అనే సైనిక కూటమిలో ఆర్మేనియా ఉంది. 2022లో అజర్‌బైజాన్ సరిహద్దులో కొడితే కూటమి సైన్యం రాలేదు, పరిశీలకులు వచ్చారు. 2024లో ఆర్మేనియా తన భాగస్వామ్యాన్ని ఆపేసింది. పేరు మాత్రం ఇంకా పట్టికలోనే ఉంది.

ఇప్పుడు మన దేశం. మనం ఏ సైనిక కూటమిలోనూ లేం, అది మంచిదేనని నా అభిప్రాయం. కానీ ‘మనం ఎవరి జట్టూ కాదు’ అని గర్వంగా చెప్పుకుంటూ లోపల ఎంత ముడిపడి ఉన్నామో నేను ఇంజిన్ రూమ్‌లో చూశాను.

1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మనం శాంతి, స్నేహ ఒప్పందం చేసుకున్నాం. అంతకు నెల ముందే అమెరికా భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా చైనా వెళ్ళొచ్చాడు. అమెరికా, చైనా, పాకిస్తాన్ ఒక వైపు అయిపోతుంటే మనం రెండో వైపు చూసుకున్నాం. యుద్ధం వస్తే సోవియట్ సైన్యం వచ్చి మన తరఫున కొట్లాడుతుందని అందులో లేదు. తొమ్మిదో అధికరణంలో ఉన్నది ఏమిటంటే, దాడి గానీ దాడి భయం గానీ వస్తే వెంటనే ఇద్దరూ కలిసి మాట్లాడుకుని తగిన చర్యలు తీసుకోవాలని. అంతే. ఆ డిసెంబరులో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు ఆ ‘అంతే’ చాలింది. దాని వెనకాలే సోవియట్ ఓడలూ వచ్చాయి. విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కూడా అమెరికా తయారీయే, పాత పేరు డయాబ్లో. ఆ రోజుల్లో లాంతరు మీద గోనెపట్టా కప్పేవాళ్ళమని మా నాన్న చెప్పేవాడు. తాతయ్యకైతే అంతకు ముందుదే గుర్తు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేసినప్పటిది. సింగపూర్ పడిపోయి రెండు నెలలు కాలేదు, మనల్ని కాయాల్సిన బ్రిటిషువాడి బలం ఎంతో ఆ ఒక్క రోజులో తెలిసిపోయింది.

నేను చేరేనాటికి మా ఓడలో సగం రష్యన్. గేజీల మీద అక్షరాలు రష్యన్, మాన్యువల్ రష్యన్, మా చీఫ్ తిట్లు మాత్రం మలయాళం. గ్యాస్ టర్బైన్ విడిభాగాలు వచ్చే చెక్కపెట్టెల మీద నికొలాయెవ్ అని ముద్ర ఉండేది. అక్షరాలు కూడబలుక్కుని చదువుకునేవాళ్ళం. 1991 డిసెంబరు వచ్చేసరికి ఆ దేశమే లేదు. నికొలాయెవ్ ఉక్రెయిన్‌లోకి పోయింది, ఓడ కట్టినవాళ్ళు ఒక దేశం, టర్బైన్ చేసినవాళ్ళు ఇంకో దేశం అయ్యారు. పెట్టెలు రావడం తగ్గింది. ఒక సీలు కోసం ఒక పాత ఓడ పంపు విప్పి మా ఓడకి తగిలించిన రోజులు ఉన్నాయి. స్నేహం చెడలేదు, కాగితం కూడా చెడలేదు. 1993లో రష్యాతో కొత్త ఒప్పందం రాసుకున్నారు, పాత తొమ్మిదో అధికరణంలోని గట్టి మాట అందులో లేదు. బలం పోతే మాట ఎలా పల్చబడుతుందో అది నా చేతులకి గ్రీజుతో సహా తెలిసింది.

ముప్పై ఏళ్ళయ్యాక చూడండి విచిత్రం. 2024 డిసెంబరులో కాలినిన్‌గ్రాద్‌లో మన నేవీకి ‘తుశిల్’ అనే యుద్ధనౌక అప్పగించారు. ఓడ కట్టింది రష్యా, అందులో టర్బైన్లు అదే ఉక్రెయిన్ ఊరివి. ఆ రెండు దేశాలూ ఒకదాన్నొకటి కాల్చుకుంటున్నాయి. మనం వాళ్ళ దగ్గర ఇంజిన్ కొని వీళ్ళ చేతికిచ్చి ఓడ కట్టించుకున్నాం. ఇది మన తెలివే, ఒప్పుకుంటాను. కానీ ఎంతకాలం ఇలా నడుస్తుంది?

జట్టులో లేకపోవడం వల్ల లాభం లేకపోలేదు. రష్యా ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొన్నందుకు నాటో సభ్యురాలైన టర్కీని అమెరికా 2019లో ఎఫ్-35 విమానాల కార్యక్రమం నుంచి గెంటేసింది, 2020లో ఆంక్షలూ వేసింది. అదే ఎస్-400ని మనం 2018లో ఒప్పందం చేసుకుని తెచ్చుకుంటే చూసీచూడనట్టు ఊరుకుంది. ఇంటి కోడలు చేస్తే తప్పు, పక్కింటావిడ చేస్తే మర్యాద! చైనాకి ఎదురుగా మనం కావాలి కాబట్టి అప్పుడు ఊరుకున్నారు. 2025లో ఆ లెక్క మారింది. మనకన్నా ఎక్కువ రష్యా చమురు కొన్న చైనాని వదిలేసి ఆ జరిమానా మన మీద వేశారు. చైనా చేతిలో అరుదైన ఖనిజాలు ఉన్నాయి, బిగిస్తే అమెరికా ఫ్యాక్టరీలు ఆగుతాయి. మన చేతిలో ఉన్నది రొయ్య. ఈక్వెడార్‌లోనూ దొరుకుతుంది.

ఫ్రాన్స్ లాంటి పాత మిత్రుడికే జరిగినప్పుడు మనమెంత? 2021 సెప్టెంబరులో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి ఆకస్ అనే పొత్తు ప్రకటించాయి, ఆస్ట్రేలియాకి అణుశక్తితో నడిచే జలాంతర్గాములు సమకూర్చడానికి. ఫ్రాన్స్ దగ్గర కొంటానన్న 12 జలాంతర్గాముల్ని ఆస్ట్రేలియా ఆ రోజే వద్దంది. ఫ్రాన్స్ కోపంతో వాషింగ్టన్ నుంచి, కాన్‌బెర్రా నుంచి రాయబారుల్ని వెనక్కి పిలిపించుకుంది. చైనా నేవీ పెరుగుతుంటే డీజిల్ జలాంతర్గాములు చాలవని ఆస్ట్రేలియా లెక్క. స్నేహం కన్నా లెక్క పెద్దదైంది. అదే ఫ్రాన్స్ దగ్గర మనం 2025 ఏప్రిల్‌లో 26 రాఫెల్ మెరైన్ విమానాలకి సంతకం చేశాం. యానాం వాళ్ళు సంతోషించే ఉంటారు.

గల్ఫ్ సంగతి ఇంకా దగ్గరిది. మా ఊళ్ళో వీధికొక ఇంట్లో ఒక ఆడమనిషి కువైట్‌లోనో దోహాలోనో పనిలో ఉంది. 2025 సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ దోహా మీద దాడి చేసింది. ఖతార్‌లో అమెరికాకి పెద్ద వైమానిక స్థావరం ఉంది, 2022 నుంచి ఖతార్ అమెరికాకి నాటో బయటి ముఖ్య మిత్రురాలు. అయినా దాడి ఆగలేదు. ఆ సాయంత్రం మా ఎదురింటి అక్క కూతురితో వీడియో కాల్ కలవక గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఎనిమిది రోజులకి సౌదీ అరేబియా పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది, ఒకరి మీద దాడి ఇద్దరి మీదా దాడి అని. మాటలు ముందు నుంచే నడుస్తున్నాయట, సంతకానికి మాత్రం ఆ వారమే కుదిరింది. సౌదీ మన స్నేహితురాలు, లక్షల మంది మనవాళ్ళు అక్కడ ఉన్నారు, ఇప్పుడు పాకిస్తాన్‌తో కాగితం ఉంది. రేపు ఆ కాగితం బరువు ఎంతో ఎవరైనా లెక్క కట్టారా? మీలో ఎవరైనా సభలో అడిగారా?

నేను అమెరికా వద్దనడం లేదు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమని ఊడ్చేసినప్పుడు నేను విశాఖలో డ్యూటీలో ఉన్నాను. భైరవపాలెం వైపు నుంచి వేటకి వెళ్ళినవాళ్ళ కోసం ఎదురుచూసిన కుటుంబాలు నాకు తెలుసు. కాకినాడ ఒడ్డున ఎవరు వచ్చి సహాయ విన్యాసం చేసినా నేను దండం పెడతాను. క్వాడ్ అనే నాలుగు దేశాల జట్టుకి మూలం కూడా అదే. 2004 సునామీ తర్వాత సాయం చెయ్యడానికి మనం, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా చేతులు కలిపాం. 2007లో జట్టులాగా మొదలై, చప్పబడి, చైనా పెరిగాక 2017లో మళ్ళీ లేచింది. 2020లో మలబార్ విన్యాసాల్లో ఆ నాలుగు నౌకాదళాలూ కలిసింది కూడా మన విశాఖ తీరంలోనే. ఫలానా పనికి ఫలానా పొత్తు అని చిన్నగా, స్పష్టంగా ఉంటే అందులో తప్పేమీ లేదు.

నా ఫిర్యాదు మీతో. విదేశాలతో ఒప్పందాలు చేసుకునే అధికారం మన రాజ్యాంగంలో కేంద్ర ప్రభుత్వానిది, పార్లమెంటు ఓటు అక్కర్లేదు. 2016లో అమెరికాతో లెమోవా అనే ఒప్పందం కుదిరింది, ఒకరి ఓడలు ఇంకొకరి రేవుల్లో ఇంధనం, సరుకులు నింపుకోవడానికి. 2018లో సైనిక సమాచార పరికరాల కోసం కామ్‌కాసా, 2020లో మ్యాపులు, ఉపగ్రహ సమాచారం పంచుకోవడానికి బెకా. మంచివో చెడ్డవో తర్వాత, వీటి గురించి మీ నియోజకవర్గంలో ఎవరికైనా ఒక్క పేజీ తెలుగులో చెప్పినవాళ్ళు ఉన్నారా? విదేశాంగ శాఖ పద్దుల మీద చర్చ చాలా ఏళ్ళు సభలో జరగనే జరగదు, గిలటిన్ పేరుతో గంపగుత్తగా ఆమోదించేస్తారు. అయినా ప్రశ్నోత్తరాల సమయం ఉంది, శూన్యకాలం ఉంది, స్థాయీ సంఘాలు ఉన్నాయి. అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న రష్యా చమురు మీద. 2022కి ముందు మన దిగుమతుల్లో అది నామమాత్రం. తర్వాత దాదాపు మూడో వంతు దాకా పోయింది. చవగ్గా కొన్నారు, మంచిదే. ఆ చవక ఎక్కడికి పోయింది? 2024 మార్చిలో లీటరుకి రెండు రూపాయలు తగ్గించారు. నా జనరేటర్‌కి అందిన లాభం అది. ఆ కొనుగోలుకి జరిమానా పడినప్పుడు మాత్రం కట్టింది రిఫైనరీ కాదు, చెరువు. దేశం ఒక నిర్ణయం తీసుకుంటే దాని నష్టం దేశమంతా పంచుకోవాలి కదండీ, మా కాలువ మీద బ్లీచింగ్ పంచుకున్నట్టు. అలాంటి దెబ్బ తగిలినప్పుడు వెంటనే సాయపడే నిధి ఒకటి చట్టబద్ధంగా పెట్టమని అడగండి. దానం వద్దు. పంట బీమాకి ఉన్నట్టు లెక్క ఉండాలి, గడువు ఉండాలి.

రెండోది, రక్షణ ఒప్పందం ఏది చేసుకున్నా, రహస్యాలు వదిలేసి మిగతాది ఒక చిన్న వివరణగా సభలో పెట్టమనండి. ఆ ఒప్పందం వల్ల ఇంకెవరికి కోపం రావచ్చు, వస్తే మన సరుకుల్లో దేని మీద తీర్చుకుంటారు అన్నది అందులో ఉండాలి. వాణిజ్య శాఖలో ఈ లెక్క కట్టగలిగిన వాళ్ళు ఉన్నారు. విదేశాంగ శాఖ, రక్షణ శాఖ వాళ్ళని పిలిచి ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి, అంతే.

మార్కెట్ గురించి ఎక్కువ రాయను, ఆ సంగతి ఎగుమతిదారులు మీకు రోజూ చెబుతూనే ఉంటారు. 2025 జూలైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, యూరప్ తలుపులు కూడా తెరవాలి, మన దేశంలోనే రొయ్య తినేవాళ్ళని పెంచాలి. ఒక్క కొనుగోలుదారు మీద చెరువు పెట్టుకున్నవాడికి, ఒక్క దేశం విడిభాగాల మీద ఓడ పెట్టుకున్నవాడికి పరిస్థితి ఒకటేనని నేను రెండు చోట్లా చూశాను.

వచ్చే సమావేశాలకి ముందు ఒక ఆదివారం మా వైపు రండి. నర్సాపురం రేవులో పంటు ఎక్కండి. పోటు మీద ఉన్నప్పుడు వస్తే కారు సులువుగా ఎక్కుతుంది. పాటు వేళైతే బల్ల నిటారుగా దిగుతుంది, డ్రైవరు భయపడతాడు. చెరువు గట్టు మీద కూర్చుని మాట్లాడుకుందాం. మీరు అడగబోయే ప్రశ్నల కాగితం నేను రాసి ఉంచుతాను, తప్పులుంటే దిద్దండి. మా ఆవిడ రొయ్యల ఇగురు చేస్తుంది, 40 కౌంట్. ఈసారి చెరువు పట్టుబడి నెల చివరికి ఉంది, ఏజెంటు ఇంకా రేటు చెప్పలేదు.

ఇట్లు,
ఒక మాజీ నావికుడు, రొయ్యల రైతు
సఖినేటిపల్లి మండలం, కోనసీమ